పసిపిల్లల కేంద్రానికి నాణ్యతా పత్రం: ఖర్చు సర్కారే భరించాలి

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల్లో మగవాళ్లు మరమగ్గాలకు వెళ్తే, ఆడవాళ్లు చాలామంది ఇంటి దగ్గరే చీరలకు లేసులు కుడతారు, రాళ్లు అతికిస్తారు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా స్మృతీ ఆ సంఖ్యనే ఉంచింది. ఇంటి పనికీ, చిన్న మగ్గాల షెడ్డుకీ ఆ రక్షణ అందదు. ఇక మిగిలింది డబ్బు తీసుకుని పిల్లల్ని చూసుకునే పక్కవీధి ఇల్లే. బిడ్డకు వైకల్యం ఉంటే అక్కడా "మావల్ల కాదమ్మా" అంటారు.

ఆ మాటను చట్టంతో ఎదుర్కోవడం కష్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ఇచ్చే ఉచిత విద్యాహక్కు ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. వైకల్యమున్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకునేలా చూడమని 16వ సెక్షన్ చెప్పేది ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థల గురించి. ప్రైవేటు కేంద్రానికి ఆ రెండూ ఉండవు. అందుకే అలాంటి కేంద్రం నాణ్యతా గుర్తింపు పత్రం పొందడానికి అయ్యే ఖర్చును సర్కారు భరించాలంటాను. డబ్బుతో పాటు షరతూ వస్తుంది. ఏ బిడ్డనూ గుమ్మంలోంచి తిప్పి పంపకూడదన్నదే మొదటి షరతు కావాలి. అలా చేర్చుకోవాలంటే శిక్షణ కావాలి. ఉదాహరణకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు గంజి పట్టేటప్పుడు తల వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. ఇది ఆయమ్మకు ఎవరో నేర్పాలి, నేర్చుకునే రోజుల కూలి ఎవరో ఇవ్వాలి. ఆ భారం శిశు కేంద్రం మీద పడితే చివరికి తల్లి కట్టే ఫీజులోనే తేలుతుంది.

అంగన్‌వాడీలు ఉండగా ప్రైవేటుకు సొమ్మెందుకని అడగవచ్చు. అంగన్‌వాడీ వేళలు తల్లి పనివేళలకు సరిపోవు. ఆ లోటు తీర్చడానికే కేంద్రం, రాష్ట్రం 60:40 వాటాతో 'పాల్నా' శిశు సంరక్షణ పథకాన్ని నడుపుతున్నాయి. అది ఇంకా ప్రతి బస్తీకీ చేరలేదు. నాణ్యతా పత్రాలు అమ్ముడుపోతాయన్న భయం మాత్రం నిజమైనదే. దాన్ని అడ్డుకోవడానికి తనిఖీ నివేదికను శిశు కేంద్రం గోడ మీద గుజరాతీ, తెలుగు భాషల్లో అంటించాలి. తెలుగు మాధ్యమ బడులు నడుపుతున్న సూరత్ నగరపాలికకు ఇది అసాధ్యం కాదు.

ఈలోగా చేయగలిగిందీ ఉంది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని బస్తీ అడిగితే మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. పిల్లల పేర్లు, వయసులు రాసి, సంతకాలతో అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ కార్యాలయంలో ఇవ్వండి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. మీ వార్డుకు పాల్నా కేంద్రాలు ఎన్ని మంజూరయ్యాయో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. చట్టంతో ఎదుర్కోవడం కష్టమే అయినా, వైకల్యం కారణంగా బిడ్డను కాదంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.