కొమ్ముది ఒక దారి, ముక్కుది ఒక దారి

చిరంజీవి శ్రీనుకు,

కొబ్బరితోట బాధ్యత నువ్వు తీసుకున్నావని తెలిసి సంతోషించాను. కొమ్ము పురుగునీ ఎర్రముక్కు పురుగునీ మాత్రం ఒకే గాటన కట్టకు నాయనా. రెండూ పెంకు పురుగులే, రెండూ కొబ్బరినే పట్టుకుంటాయి. కానీ కొమ్ము పురుగులో చెట్టును తినేది రెక్కలొచ్చిన పెద్దది. దాని పిల్ల చెట్టు జోలికి రాదు, పెంటపోగులోనో కుళ్లిన మొద్దులోనో పెరుగుతుంది. ఎర్రముక్కులో ఇది తిరగబడుతుంది. పిల్లపురుగులు మాను లోపలే పుట్టి, లోపలే తిని, చెట్టును గుల్ల చేస్తాయి. పెంట తిరగేసినప్పుడు దొరికిన పిల్లను అరచేతిలో పెట్టుకుని చూడు, సున్నాలా వంగి, తలకి దగ్గరగా ఆరు కాళ్లుంటాయి. మానులోంచి తీసినదానికి కాళ్లే ఉండవు. చుట్టూ తిండే ఉన్నప్పుడు నడక దేనికి? ఇవి దూరదేశాలకూ వెళ్లాయి. కొమ్ము పురుగు 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో సమోవా దీవులకు పాకింది. ఎర్రముక్కు 1980లలో గల్ఫ్ ఖర్జూర తోటల్లోకి దిగింది. ఎక్కడికెళ్లినా పిల్ల పెరిగే చోటే వాటి ఆయువుపట్టు.

"ఏ పురుగైతేనేం, మందు కొడితే చస్తుంది" అనేవాళ్లుంటారు. మొవ్వు మీద కొట్టిన మందు పెంటపోగుకు చేరదు, మాను లోపలికీ దిగదు. మట్ట విచ్చుకున్నాక కత్తెర వేసినట్టు కనిపించే కొమ్ము పురుగు కోతలు, మొవ్వులో ఉన్నప్పుడు పడ్డ పాత గాయాలు. అప్పుడు కొట్టి ఏం లాభం? పెంటపోగును తరచూ తిరగేసి పిల్లల్ని ఏరెయ్యి, వాటిని చంపే మెటారైజియం బూజు కలుపు. మొవ్వులో దాక్కున్న పెద్దదాన్ని ఇనుప కొక్కెంతో లాగెయ్యి. "కొమ్ము పురుగు ముదురు చెట్టును చంపదుగా, బెంగెందుకు" అన్న మాటలో కొంత నిజముంది, ఎదిగిన చెట్టు చాలావరకు తట్టుకుంటుంది. అయితే అది తొలిచిన గాయం వాసనకే ఎర్రముక్కు వచ్చి గుడ్లు పెడుతుంది. అందుకే మొదటిదాన్ని చిన్నచూపు చూడొద్దంటున్నాను. పచ్చిమట్టను మాను దాకా నరికినా అదే ముప్పు, నాలుగడుగుల మొదలు వదిలి నరికించు.

మాను మీద చిన్న రంధ్రం, ఎర్రగోధుమ రంగు జిగురు, నమిలి ఉమ్మిన పీచు కనిపిస్తే అది ఎర్రముక్కు పనే, ఆ రోజే వైద్యం మొదలుపెట్టు. అప్పటికే తల వాలిపోయిన చెట్టుంటే జాలిపడి ఉంచకు. నరికి, నిలువునా చీల్చి, పీచుతో అల్లుకున్న గూళ్లతో సహా కాల్చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య