అసలు ఫైళ్ళు తీసేసే ముందు

జగదల్‌పూర్

అమ్మలూ,

కుంట చుట్టుపక్కల దోర్ల తెగ పెద్దవాళ్ళ దగ్గర రికార్డు చేసిన పాటలతో ల్యాప్‌టాప్ నిండిపోయిందనీ, అన్నీ జిప్ చేసి అసలువి తీసేస్తాననీ రాశావు. జిప్ చేసుకో. తీసేయడం మాత్రం కాస్త ఆపు.

నువ్వు ఫోనులో తీసిన ఫొటోలు జేపెగ్‌లు, వీడియోలు ఎంపీ4లు. అవి పుట్టడమే కుదించుకుని పుట్టాయి. ఎండిన ఇప్పపువ్వును మళ్ళీ ఎండబోస్తే బరువేం తగ్గుతుంది? నూరు ఫైళ్ళు ఒక్క మూటగా పంపడానికి తప్ప అక్కడ జిప్ వల్ల ఒరిగేదేమీ లేదు.

పాటల పాఠాలు నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నావు కదా, అవి బాగా తగ్గుతాయి. యూటీఎఫ్-8లో మన అక్షరం గానీ, గుణింతపు గుర్తు గానీ మూడేసి బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి. ముందు వచ్చిన ముక్క మళ్ళీ వస్తే తిరిగి రాయకుండా, ఎంత వెనక ఉంది, ఎంత పొడవు అని మాత్రమే గుర్తు పెట్టుకునే పద్ధతిని 1977లో లెంపెల్, జివ్ చెప్పారు. జిప్ నడిచేది దాని మీదే. పల్లవి తిరిగొచ్చే పాటలైతే మరీనూ! వర్డ్‌లో చేసిన డాక్స్ ఫైలు మాత్రం లోపల జిప్పే, దాన్ని మళ్ళీ కుదించబోకు.

అసలు చోటంతా తినేది పాటలు రికార్డు చేసిన వేవ్ ఫైళ్ళు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో అయితే గంటకు 635 ఎంబీ. శబ్దం దగ్గర జిప్ పప్పులు అంతగా ఉడకవు. వాటిని ఫ్లాక్‌లోకి మార్చు. ఇంచుమించు సగానికి దిగుతాయి, తిరిగి విప్పితే ఒక్క బిట్ కూడా పోదు. ఎంపీ3 ఇంకా చిన్నదవుతుందని ఆశపడకు. చెవికి అంతగా అందదనుకున్నదాన్ని పారేసి అది చిన్నదవుతుంది. రేపు దోర్లీ భాష ఉచ్చారణను కొలిచేవాళ్ళకు కావలసింది ఆ పారేసినదే కావచ్చు.

సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టకు. ఇగోర్ పావ్లోవ్ 1999 నుంచి ఉచితంగా ఇస్తున్న 7-జిప్ చాలు. అంతా కలిపి ఒకే పెద్ద మూట కట్టకు, ఊరికొకటి చెయ్యి. 7-జిప్ కట్టే 7జెడ్ మూటలో మామూలుగా ఫైళ్ళన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి, ఒకచోట చెడితే దాని వెనకవీ పోవచ్చు. పైగా ఫ్యాట్32 పెన్‌డ్రైవులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

పాటలకు పాస్‌వర్డ్ దేనికి? పాడినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్ళ మూటకు మాత్రం పెట్టు, ఫైళ్ళ పేర్లు కూడా దాచే గడిలో టిక్కు పెట్టడం మరవకు. ఆ పాస్‌వర్డ్ పోతే నేనే కాదు, ఎవరూ తెరవలేరు. పుస్తకంలో రాసుకో.

మూట కట్టాక టెస్ట్ నొక్కు. లోపలివి చెడిపోలేదని అది చెబుతుంది. నువ్వు పెట్టడం మరిచిన ఫైలు సంగతి దానికి తెలియదు. అందుకని వేరే కంప్యూటరులో విప్పి, ఫైళ్ళు లెక్క చూసి, నాలుగు పాటలు వినాలి. ఆ పని నాకు వదిలెయ్యి. ఎవరైనా బస్సులో ఇటు వస్తుంటే డ్రైవు ఇచ్చి పంపు. ఒక కాపీ ఇక్కడే ఉంచుకుంటాను. అన్నీ విప్పి చూసి ఫోను చేస్తాను, అప్పటిదాకా ఒక్క ఫైలూ తీసేయకు.

మీ పెదనాన్న