ఈ11.9 దగ్గరే ఆగిపోకండి

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు కోడ్ చేసేవాళ్లకు షుగర్ జబ్బు కేసు తగలని రోజుండదు. రోజూ చూసేదే కదా అన్న ధీమాతో, టైప్ 2 డయాబెటిస్ అని కనబడగానే చెయ్యి ఈ11.9 కొట్టేస్తుంది. ఆ కోడ్‌కు అర్థం, కాంప్లికేషన్లు ఏవీ లేవని. నోట్ చివరిదాకా చదవకుండా ఆ మాట అనే హక్కు కోడర్‌కు లేదు.

ఒక చార్ట్ తీసుకుందాం. ఔట్‌పేషెంట్ విజిట్. అసెస్‌మెంట్‌లో డాక్టర్ మూడు లైన్లు విడివిడిగా రాశారు: టైప్ 2 డయాబెటిస్, గ్లిపిజైడ్, గ్లార్జిన్ ఇన్సులిన్ కొనసాగించాలి. హైపర్‌టెన్షన్, మందులు అవే. సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) స్టేజ్ 3బి, మూడు నెలలకు మళ్లీ క్రియాటినిన్. కొత్తగా చేరినవాళ్లు చాలామంది దీనికి ఈ11.9, ఐ10, ఎన్18.32 ఇస్తారు. లైనుకొక కోడ్, చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ మొదటి రెండూ తప్పు.

ఈ కోడ్‌లుండే ఐసీడీ-10-సీఎం ఇండెక్స్‌లో డయాబెటిస్ కింద 'విత్' అనే పదం ఉంటుంది. దాని కింద పేరుపెట్టి చెప్పిన జబ్బులకు షుగర్‌తో సంబంధం ఉన్నట్టే లెక్క. షుగర్ వల్లే వచ్చిందని డాక్టర్ ప్రత్యేకంగా రాయనక్కర్లేదు. వేరే కారణం వల్ల అని స్పష్టంగా రాస్తే మాత్రం కలపకూడదు. బీపీకీ సీకేడీకీ మధ్య కూడా ఇదే సూత్రం. కాబట్టి సరైన జవాబు ఈ11.22, ఐ12.9, ఎన్18.32. వీటికి తోడు ఇన్సులిన్‌కు జెడ్79.4, మాత్రలకు జెడ్79.84, రెండూ వేయాలి. వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజక్షన్ కనబడితే అది ఇన్సులిన్ కాదు. 2022 అక్టోబర్ 1 నుంచి దానికి జెడ్79.85 ఉంది. అదే ఇన్‌పేషెంట్ చార్టయితే, వార్డులో ఉన్న నాలుగు రోజులు మాత్రమే షుగర్ దించడానికి ఇచ్చిన ఇన్సులిన్‌కు జెడ్79.4 వేయకండి.

అలాగని 'విత్' పేరు చెప్పి కనబడ్డ ప్రతి జబ్బునూ షుగర్‌కు కట్టేయడం ఇంకా ప్రమాదం. కాలికి సెల్యులైటిస్ ఉందనుకోండి. ఇండెక్స్‌లో దాని పేరు లేదు, 'చర్మ సంబంధమైన ఇతర కాంప్లికేషన్' అనే మూకుమ్మడి పద్దు మాత్రమే ఉంది. అలాంటి చోట డాక్టర్ సంబంధం చెప్పి తీరాలి. ఫుట్ అల్సర్ వేరు. దానికి పేరుతోనే ఈ11.621 ఉంది. కాకపోతే ఏ కాలు, ఎక్కడ, ఎంత లోతు అన్నది ఎల్97 కోడ్‌తో చెప్పకపోతే పని సగంలోనే ఆగినట్టు.

ఇన్సులిన్ వాడుతున్నారు కాబట్టి టైప్ 1 అయి ఉంటుందన్న ఊహ మానుకోండి. డాక్టర్ టైప్ రాయకపోతే గైడ్‌లైన్ ప్రకారం ఈ11 కిందికే వస్తుంది. స్టెరాయిడ్ల వల్ల అని రాస్తే ఈ09కు వెళ్లాలి.

ప్రొడక్షన్ టార్గెట్ మెడ మీద ఉన్నప్పుడు అందరూ దాటేసేది క్వెరీ, అంటే స్పష్టత కోసం డాక్టర్‌ను అడగడం. నాకైతే మంచి కోడర్ ఎవరో తెలిసేది అక్కడే. నోట్‌లో 'అన్‌కంట్రోల్డ్ డయాబెటిస్' అని మాత్రమే ఉంది, ల్యాబ్ రిపోర్టులో ఏ1సీ 10.2 ఉంది. అంకె చూసి హైపర్‌గ్లైసీమియా కోడ్ ఈ11.65 వేసేద్దామనిపిస్తుంది. వేయకూడదు. షుగర్ పెరగడం వల్ల అన్‌కంట్రోల్డా, పడిపోవడం వల్లా అన్నది డాక్టరే చెప్పాలి. ల్యాబ్ విలువకు అర్థం తీయడం మన పని కాదు. 'హైపర్‌గ్లైసీమియా అని రాయగలరా' అని అడిగితే జవాబు మనమే నోటికందించినట్టవుతుంది, ఆడిట్‌లో నిలవదు. చార్టులో ఉన్న ఏ1సీ, తేదీ, చికిత్స ఉన్నదున్నట్టు పెట్టి, హైపర్‌గ్లైసీమియా, హైపోగ్లైసీమియా, ఇతరం, చెప్పలేం అని అన్ని దారులూ తెరిచి అడగండి. జవాబు వచ్చేదాకా ఆ చార్టును హోల్డ్‌లో పెట్టండి. ఎందుకు పెట్టారో టీమ్ లీడ్‌కు ఆ రోజే చెప్పండి.