ఇంజిన్ ఆయిల్‌లో అదనపు మందు: ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా?

ఆయిల్ మార్పించుకునే వేళ చిన్న సీసా ఒకటి చూపి, ఇది కూడా పోస్తే ఇంజిన్ అరగదు, మైలేజీ పెరుగుతుంది అని చెప్పడం దుకాణాల్లో మామూలే. కొనేముందు డబ్బాలో ఏముందో తెలుసుకోవాలి. ఇంజిన్ ఆయిల్ అంటే ఒట్టి బేస్ ఆయిల్ కాదు. మడ్డి పేరుకోనివ్వనివి, అరుగుదలను అరికట్టే జింక్-ఫాస్ఫరస్ రసాయనం వగైరాలను తయారీదారే పాళ్లు చూసి కలుపుతాడు. వాటి ఖరీదు డబ్బా ధరలోనే చేరి ఉంటుంది. పైన మరొకటి పోస్తే ఆ పాళ్లు చెడవచ్చు. ఫాస్ఫరస్ మోతాదు మించితే కారు కేటలిటిక్ కన్వర్టర్‌కు చేటు.

మోటారు సైకిళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా బళ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. రాపిడి తగ్గించే మందు ప్లేట్ల పట్టును కూడా సడలిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గాని బండి ముందుకు సాగదు. డబ్బాపై ఉండే 'జాసో ఎం.ఎ.' గుర్తు ఈ పట్టు కోసమే. గేర్లు లేని స్కూటర్లకు సాధారణంగా ఈ బెడద లేదు.

టెఫ్లాన్ రకం పొడి కలిపిన 'స్లిక్ 50' ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపింది. 1997లో రాజీ కుదిరింది.

ఆయిల్ తాగే పాత ఇంజిన్‌లో చిక్కదనం పెంచే మందు పోస్తే పొగ కొన్నాళ్లు తగ్గవచ్చు. అరిగిన రింగులు మాత్రం అలాగే ఉంటాయి. వారంటీలో ఉన్న బండి అయితే సీసా మూత తీయకముందే కంపెనీ ఇచ్చిన పుస్తకం చూసుకోవడం మేలు.