కారు మీద గీతలు: క్లెయిమ్ చేయాలా, వద్దా?

దంతెవాడలో ఉండగా ఒక రాత్రి మా కారు తలుపులను ఎవరో మేకుతో గీకి, సైడు అద్దం విరగ్గొట్టారు. రిపేరుకు రూ. 9,000 అన్నారు.

"ఇన్సూరెన్స్ ఉందిగా!" అంది మా ఆవిడ. నిజమే, కాంప్రిహెన్సివ్ పాలసీలో ఇలాంటి ఆకతాయి పనులకూ పరిహారం వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు. అయితే మాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ. 8,000 అయితే మేం కట్టేది 4,000. క్లెయిమ్ చేస్తే బోనస్ సున్నా. ఆపై ఏటా 20, 25, 35, 45 శాతాల మెట్లెక్కాకే మళ్లీ 50. ప్రీమియం మారదనుకున్నా ఆ అయిదేళ్లలో అదనంగా పడేది 4,000, 2,400, 2,000, 1,200, 400. వెరసి పదివేలు! మనం భరించక తప్పని రూ. 1,000 దీనికి అదనం.

జేబులోంచే కట్టాం. ఖర్చు పాతికవేలై ఉంటే తప్పక క్లెయిమ్ చేసేవాణ్ణి. ఠాణాలో ఫిర్యాదు మాత్రం ఇచ్చి, నకలు దాచాం. గీసినవాడు మళ్లీ రాడని ఏముంది?