బడి మార్చే ముందు, మార్చిన తరువాత



వేసవి సెలవులు మొదలవగానే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "ఈ ఏడు పిల్లను ఆ బడి మాన్పించి వేరే బడిలో వేద్దామా?" జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా ఈ చర్చ సాగుతుంది. చివరకు పక్కింటివారు ఎక్కడ చేర్చారో, ఏ బడి బస్సు వీధిలోకి వస్తుందో చూసి నిర్ణయం జరిగిపోతుంది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ విషయంలో తెలిసినవి తల్లిదండ్రులతోనూ, వారి పిల్లల చదువుకు చేయూతనిస్తున్న దాతలతోనూ పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. బడి మార్చడం తప్పని నేను అనను. కారణం తెలుసుకుని మార్చాలి, కాగితాలు సరిచూసుకుని మార్చాలి, మార్చాక కొన్నాళ్లు పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. ఈ మూడూ జరగని చోట బడి మారినా చదువు మారదు.

మన ప్రాంతంలో బడి మార్పు ఎందుకు వేరు

మిగతా జిల్లాల్లో బడి మారితే వీధి మారుతుంది, ఊరు మారుతుంది. మన దగ్గర రాష్ట్రమే మారిపోవచ్చు. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు పోలవరం ముంపు పేరుతో పూర్వపు ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపహాడ్ మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దాంతో భద్రాచలం పట్టణం తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉండిపోయాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలన్నా దారిలో ఆంధ్ర గ్రామాలు తగులుతాయి. తరువాత 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022లో ఆంధ్ర వైపు జిల్లాలు కూడా మారి, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ఇల్లు కదలకుండానే ఒక కుటుంబం పదేళ్లలో రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాల పేర్లు రాయాల్సి వచ్చింది.

దీనికి తోడు మన వాళ్ల బతుకుతెరువు కూడా కదిలేదే. సారపాక పేపరు మిల్లు, మణుగూరు, కొత్తగూడెం బొగ్గు గనులు, పాల్వంచ, భద్రాచలం మెకానిక్ షెడ్లు, లారీ డ్రైవింగ్, సంతల్లో వ్యాపారం... పని ఎక్కడుంటే కుటుంబం అక్కడికి పోతుంది. గోదావరి వరదలు మరో కారణం. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు ఎన్నో కుటుంబాలు సామాన్లతో ఇళ్లు వదిలి వెళ్లాయి. పోలవరం పునరావాస కాలనీలకు తరలిన వారు మరికొందరు. ఇలా వెళ్లిన ప్రతి ఇంట్లోనూ బడి మారిన పిల్లలు ఉంటారు.

ఏడో తరగతి లోపు చదువు ఎక్కడ?

తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియని ముఖ్య విషయం ఇది. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగ నియామకాల్లో స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటును బట్టి చూస్తారు. ఈ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు స్థానికులవుతారు. నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇల్లు భద్రాచలంలో ఉంది. దగ్గరని, బాగుందని పిల్లవాణ్ణి ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఎటపాక వైపు బడిలో చదివించారు. ఆరు, ఏడు తరగతులు భద్రాచలంలో చదివాడు. రేపు డిగ్రీ చేసి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు అతని ఏడేళ్లలో ఐదేళ్లు ఆంధ్రలో కనిపిస్తాయి. పుట్టి పెరిగిన ఊళ్లోనే స్థానికేతరుడయ్యే పరిస్థితి వస్తుంది. అటువైపు నుంచి భద్రాచలం బడులకు వచ్చే పిల్లలకు ఇదే చిక్కు తిరగబడి ఎదురవుతుంది. తెలంగాణ మెడికల్ కళాశాలల ప్రవేశాల్లో కూడా ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధన మీద 2024లో వివాదం లేచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి సరిహద్దు దాటించే ముందు పిల్లవాడు ఇప్పటికి ఎన్నేళ్లు ఎక్కడ చదివాడో ఒక కాగితం మీద రాసుకుని లెక్క చూడండి. చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి. పదేళ్ల తరువాత వెళితే ఆ బడి మూతపడి ఉండవచ్చు, రిజిస్టరు దొరకకపోవచ్చు.

చట్టం మీ పక్షాన ఉంది

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులోని ఐదో సెక్షన్ బడి మార్పు గురించే. కారణం ఏదైనా, రాష్ట్రం లోపలైనా బయటికైనా, పిల్లవాడు మరో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారే హక్కు ఉంది. అడిగిన వెంటనే ప్రధానోపాధ్యాయుడు టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో కూడా ప్రవేశం నిరాకరించకూడదు. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన భాగానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతోంది.

"టీసీ తెచ్చాక రండి" అని ఎవరైనా అంటే గొడవ పడనక్కర్లేదు. ఒక తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇచ్చి, దాని నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ కాకపోతే మండల విద్యాధికారిని కలవండి. చాలావరకు పని అక్కడే అయిపోతుంది.

తొమ్మిది, పది తరగతులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. రెండు రాష్ట్రాల పరీక్షల బోర్డులు వేరు, పాఠ్యపుస్తకాలు వేరు. పదో తరగతి మధ్యలో రాష్ట్రం మారితే నామినల్ రోల్స్ దగ్గర చిక్కు వస్తుంది. తప్పనిసరి అయితే ఎనిమిది పూర్తయ్యాక మార్చండి, లేదంటే పది అయిపోయేదాకా ఆగండి.

కాగితాల్లో మన పిల్లల పేర్లు

మన పిల్లల టీసీల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు పేరే. ఒక బడిలో "షేక్", ఇంకో బడిలో "ఎస్.కె.", ఆధార్‌లో "మహమ్మద్", టీసీలో "ఎండీ". చిన్న తరగతిలో ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి మెమో మీద అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే కార్యాలయాల చుట్టూ తిరగాలి. టీసీ చేతికి అందగానే అక్కడే నిలబడి ఈ కింది వాటిని సరిచూసుకోండి.

1. పిల్లవాడి పూర్తి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా?
2. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా?
3. కులం, ఉపకులం గడిలో సరైనదే రాశారా? షేక్‌లు బీసీ-ఇ లోకి, నూర్‌బాషా దూదేకుల వారు బీసీ-బి లోకి వస్తారు. ఇక్కడ ఒట్టి "ముస్లిం" అని రాస్తే తరువాత స్కాలర్‌షిప్ దగ్గర ఇబ్బంది.
4. చదివిన తరగతి, మాధ్యమం, మొదటి భాష స్పష్టంగా ఉన్నాయా?
5. పిల్లవాడి పెన్ నంబరు రాసి ఉందా? యూడైస్ ఆన్‌లైన్ రికార్డులో పాత బడి వారు పేరును డ్రాప్‌బాక్సులోకి పంపితేనే కొత్త బడి వారు తీసుకోగలరు. ఇది జరగకపోతే పిల్లవాడు తరగతిలో కూర్చున్నా రికార్డులో ఉండడు.
6. రాష్ట్రం మారుతుంటే టీసీ మీద విద్యాశాఖ అధికారి ప్రతిసంతకం కావాలా అని కొత్త బడిలో ముందే అడిగారా?

అన్నిటికీ రెండు జిరాక్సులు తీసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. గోదావరి ఒడ్డున ఉండే వారికి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కర్లేదు.

"ఈ బడి బాగాలేదు" అనే ముందు

బడి నాణ్యత మీద తల్లిదండ్రుల ఆందోళన నిజమైనదే. ఏజెన్సీ గ్రామాల్లో ఒక్క టీచరు ఐదు తరగతులు చూసుకునే బడులు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు టీచర్లు ఉండాలి. ఉర్దూ మాధ్యమంలో రోస్టర్ ప్రకారం రిజర్వు అయిన పోస్టులకు అభ్యర్థులు దొరక్క ఖాళీలు మిగిలిపోవడం ఏళ్లుగా ఉన్న సమస్య. ఇవన్నీ అడగదగ్గ విషయాలే.

అయితే టై, బెల్టు, బస్సు చూసి బడిని కొలవకండి. ప్రైవేటుకు మార్చడానికి ఇంగ్లిష్ మీడియం ఒక్కటే కారణమైతే, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్‌తో సతమతమయ్యే మన పిల్లలకు ఆ తెలుగు పేజీ పెద్ద ఆసరా.

పిల్లవాడికి చదువు వస్తోందా లేదా అన్నది ఇంట్లోనే పది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేల్లో వాడుతున్న పద్ధతి ఇదే. రెండో తరగతి పుస్తకంలోని చిన్న కథ ఇచ్చి చదవమనండి. రెండంకెల తీసివేత, అప్పు తెచ్చుకునేది, ఒకటి ఇవ్వండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. ఐదో తరగతి పిల్లవాడు ఇవి చేయలేకపోతే బడి ఏదైనా ముందు సరిచేయాల్సింది ఇదే. తల్లిదండ్రులకు చదువు రాకపోతే ఇంట్లో పెద్ద పిల్లలు గానీ, పక్కింటి ఆపా గానీ ఈ పరీక్ష చేయవచ్చు.

తరువాత బడికి వెళ్లి టీచరుతో మాట్లాడండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ సమావేశాలకు మన అమ్మలు వెళ్లాలి. టీచరు పోస్టు ఖాళీ గురించి ఒకరు అడిగితే అది ఫిర్యాదుగా మిగులుతుంది. కమిటీ తీర్మానం రాసి పంపితే అధికారి జవాబు చెప్పాల్సి వస్తుంది.

గురుకులాల గురించి కూడా ఒక మాట. 2016లో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో బాలురకు, బాలికలకు వేర్వేరుగా ఐదో తరగతి నుంచి ప్రవేశాలు ఉంటాయి. 75 శాతం సీట్లు మైనారిటీలకు. ఆరో తరగతి నుంచి బాలికలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. మంచి అవకాశాలే. కానీ ఇంటిమీద బెంగతో దసరా సెలవులకు వచ్చి తిరిగి వెళ్లని పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తున్నాం. పంపే ముందు పిల్లవాణ్ణి ఒకసారి తీసుకెళ్లి చూపించండి, వాడి ఇష్టం కనుక్కోండి.

మార్చిన తరువాత మూడు నెలలు

కొత్త బడిలో చేరిన పిల్లవాడు మొదటి వారాల్లో మౌనంగా ఉంటాడు. టీచరు మాట తీరు కొత్త, పాఠం ఎక్కడో మధ్యలో ఉంటుంది, పక్కన కూర్చున్నవాడు ఎవరో తెలియదు. ఆ మౌనాన్ని చూసి మొద్దు అనుకునేవారు ఉంటారు. ఇంటి దగ్గర కూడా "అంత ఖర్చు పెట్టి వేస్తే ఇదా నీ చదువు" అని కసురుతారు. ఆ దశలోనే పిల్లవాడు బడి ఎగ్గొట్టడం మొదలుపెడతాడు. ఏడు, ఎనిమిది తరగతుల మగపిల్లలైతే షెడ్డులో పనికి కుదురుతారు. ఆడపిల్లలు ఇంట్లో ఉండిపోతారు. ఆ మూడు నెలలు రోజూ ఒక గంట ఎవరైనా కూర్చోబెట్టి వెనుకబడిన పాఠాలు చెప్పించగలిగితే చాలామంది నిలబడతారు.

దాతలు ఏం చేయగలరు?

ప్రతి జూన్‌లో బ్యాగులు, నోటు పుస్తకాలు పంచడం మంచి పని, ఆపవద్దు. దానితోపాటు ఈ నాలుగు పనులకు కొంత సొమ్ము కేటాయించాలని నా మనవి. జకాత్ సొమ్ములో ఏది దేనికి వాడవచ్చో ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఒకటి, మే 15 నుంచి జూన్ నెలాఖరు దాకా సొసైటీ కార్యాలయంలో ఒక బల్ల, ఒక కుర్చీ, కాగితాలు తెలిసిన ఒక మనిషి. టీసీలు సరిచూడటం, అర్జీలు రాసిపెట్టడం, స్థానికత లెక్క చెప్పడం అతని పని. రిటైరైన టీచర్లు ఇందుకు ముందుకు వస్తారు.

రెండు, బడి మారిన పిల్లల కోసం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రం తరగతి. ఇంటర్, డిగ్రీ చదివే మన అమ్మాయిలకు గౌరవ వేతనం ఇస్తే వాళ్లకూ చదువు ఖర్చు కలిసి వస్తుంది.

మూడు, దారి ఖర్చు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితమే గానీ రాష్ట్ర సరిహద్దు దాకానే. సరిహద్దు దాటే అమ్మాయిలకు, బస్సు రాని ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆటో ఖర్చో, సైకిలో ఇవ్వగలిగితే బడి మానరు.

నాలుగు, ఒక రిజిస్టరు. మనం సాయం చేసిన ప్రతి పిల్లవాడి పేరు, బడి, కథ చదవగలడా, భాగహారం చేయగలడా అన్నది జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి రాయాలి. ఎంతమందికి పంచామన్న లెక్కతోపాటు ఎంతమంది చదవగలుగుతున్నారన్న లెక్క కూడా వచ్చే ఏడాది సంచికలో అచ్చయితే దాతలకు తమ సొమ్ము ఏమైందో తెలుస్తుంది.

పై నాలుగింటిలో మొదటిదానికి ఖర్చు దాదాపు లేదు. రానున్న మే నెలలోనే దానితో మొదలుపెట్టవచ్చు. ఆ బల్ల దగ్గర వారానికి రెండు సాయంత్రాలు కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.