సెలవుల్లో సగం చదువు

చిరంజీవి కార్తీక్‌కు బాబాయి ఆశీస్సులు.

సెమిస్టర్ పరీక్షల ముందు ఇచ్చిన సెలవుల్లో నువ్వు పుస్తకం ముట్టడం లేదని మీ అమ్మ బెంగ. బద్ధకం అంటుంది. నాకలా తోచడం లేదు. బద్ధకస్తుడు హాయిగా పడుకుంటాడు. నీలాంటివాడు సినిమా చూస్తున్నా మనసులో పరీక్ష టైంటేబులే తిరుగుతుంటుంది. చదువూ లేదు, విశ్రాంతీ లేదు. ఈ చిక్కు నువ్వు పెట్టుకున్న పనిలోనే ఉందని నా అభిప్రాయం. 'ఇవాళ డీబీఎంఎస్ చదవాలి' అన్నావనుకో, అది ఎక్కడ మొదలై ఎప్పుడు పూర్తయినట్టో ఎవరికీ తెలియదు. అంతు తెలియని పని నుంచి ఎవరైనా తప్పించుకునే తిరుగుతారు.

అంతు తెలిసే కొలత మీ ప్రశ్నపత్రంలోనే ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్స్ 40 పోగా సెమిస్టర్ పరీక్ష 60 మార్కులకు. అందులో 10 మార్కులు చిన్న ప్రశ్నలవి. మిగతా 50 ఐదు యూనిట్లవి, యూనిట్‌కు పది చొప్పున, ప్రతిచోటా రెండింటిలో ఒకటి రాసే వెసులుబాటుతో. మూడు గంటల పరీక్ష కాబట్టి పది మార్కుల జవాబుకు అరగంట. అంటే 'డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్ మీద ఒక జవాబు, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద, అరగంటలో' అనుకుంటే అది పని. పూర్తయిందో లేదో కాగితమే చెబుతుంది. గ్రూపుల్లో తిరిగే 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' కూడా ఇలా వాడితేనే ఉపయోగం. దాచుకుంటే ఫోన్ నిండుతుందంతే.

పుస్తకం మూయమనడం నా చాదస్తం కాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థుల చేత ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరిని ఒక విడత చదివాక చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత తారుమారైంది. అసలు తమాషా ఏమిటంటే, తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ. అండర్‌లైన్ చేసిన పేజీని నాలుగోసారి చూసి 'ఇది వచ్చేసింది' అనుకునే ధీమా సరిగ్గా అలాంటిదే.

సీనియర్లు రాత్రికి రాత్రి ఆల్ ఇన్ వన్ గైడ్ తిరగేసి గట్టెక్కారు కదా అంటావు. నిజమే, గట్టెక్కుతారు. 60కి 21 తెచ్చుకుని, ఇంటర్నల్స్‌తో కలిపి 40 వస్తే పాసే. కొద్దిసేపు గుర్తుండటానికి ఆ పద్ధతి సరిపోతుందని ఆ ప్రయోగమే ఒప్పుకుంటోంది. కాకపోతే సప్లీ రాస్తున్నవాళ్లు హాస్టల్లో ఈ కథలు చెప్పరు, గట్టెక్కినవాళ్లే చెబుతారు. పైగా ఆ ఒక్క రాత్రి నేర్చిన డేటా స్ట్రక్చర్స్‌నే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో మళ్లీ అడుగుతారు. అప్పటికి మిగిలేది సబ్జెక్టు పేరే.

'ఒత్తిడి ఉంటేనే నా బుర్ర పనిచేస్తుంది' అన్నది ఇంకాస్త గట్టి వాదన. దీన్ని టైస్, బామైస్టర్ అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన పరిశీలనతో పోల్చి చూడు. వాయిదా వేసే విద్యార్థులకు సెమిస్టర్ మొదట్లో ఒత్తిడీ జబ్బులూ మిగతావాళ్లకన్నా తక్కువే. చివరికొచ్చేసరికి రెండూ ఎక్కువయ్యాయి, మార్కులు మాత్రం తగ్గాయి. వాయిదా వల్లే మార్కులు పోయాయని రుజువు చేసే రకం పరిశీలన కాదది, ఆ సంగతి దాచను. అయినా ఒత్తిడిలో బాగా రాస్తామన్న నమ్మకానికి అందులో ఆసరా ఏదీ దొరకదు. ఇక మూడ్ రావడం లేదంటావా, ప్రశ్న కాగితం మీద రాసి ఒక్క నిర్వచనం మొదలుపెట్టు. సగం జవాబు తప్పు వచ్చినా ఫరవాలేదు. ఏది రాదో తేలుతుంది, పుస్తకం తెరవడానికి అప్పుడొక కారణం ఉంటుంది.

పొద్దున ఇలాంటి జవాబులు రెండు, మధ్యాహ్నం రెండు రాశావంటే ఆ రోజుకు చాలు. తర్వాత సాయంత్రం క్రికెట్‌కు వెళ్లు, మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు
మీ బాబాయి